బాబు నాలుగు నెలలుగా బాగున్నాడు, ఇన్‌హేలర్ డోస్ సగం చేయొచ్చా?

చింటూ అమ్మ:
మా బాబుకి ఏడేళ్లు, 20 కిలోలు, ఆస్తమా ఉంది. జూన్‌లో వానలు మొదలవగానే డొక్కలు ఎగరేస్తూ రెండు రాత్రులు నెబ్యులైజర్ మీదే ఉన్నాడు, అప్పట్నుంచి బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ 100 మైక్రోగ్రాముల పంపు పొద్దున రెండు, రాత్రి రెండు పఫ్‌లు వాడుతున్నాం. ఇప్పుడు పిల్లికూతలు లేవు, రాత్రి దగ్గు లేదు. మా అత్తయ్యేమో స్టెరాయిడ్ వాడితే పిల్లాడు ఎదగడు, ఆపెయ్యమని రోజూ గొడవ. రివ్యూకి ఇంకా నెల ఉంది. ఈలోపు పూటకి ఒక్క పఫ్ చేస్తే ఏమైనా అవుతుందా?

వరంగల్ నాన్న:
మేం అదే చేసి దెబ్బతిన్నాం అండీ. పోయినేడు దసరా సెలవుల్లో పాపకి పంపు మానేశాం, రెండు వారాలు ఏమీ కాలేదు, అనవసరంగా వాడామే అనుకున్నాం కూడా. దీపావళి రాత్రి వీధంతా పొగ, తెల్లవారుజామున ఎమర్జెన్సీకి పరుగు. అక్కడ ఐదు రోజులు స్టెరాయిడ్ సిరప్ తాగించారు. మీ పంపులో రోజంతా కలిపి 400 మైక్రోగ్రాములు, అర మిల్లీగ్రాము కూడా కాదు. ఆ సిరప్ అయితే 20 కిలోల పిల్లాడికి రోజుకి 20 మిల్లీగ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

పిల్లల వార్డు సిస్టర్:
ఆ రెండు మందుల బలం ఒకటి కాదు, అంకెలు అలా పోల్చకూడదు. కానీ పంపు మందు ఒంట్లోకి చేరేది తక్కువన్నది నిజమే. ఎత్తు తగ్గినా పెద్దయ్యాక తేడా సుమారు ఒక సెంటీమీటరు. చింటూ అమ్మ గారూ, తగ్గించాలనుకోవడం తప్పు కాదు, మూడు నెలలు కంట్రోల్‌లో ఉంటే డాక్టర్లే నాలుగో వంతో సగమో తగ్గిస్తారు, కాకపోతే జలుబూ సీజన్ మార్పూ లేని టైం చూసి. మీకేమో ముందు దీపావళి, వెనకే చలి, ఆపైన భోగి మంటలు. సొంతంగా వద్దు, రివ్యూనే ముందుకు జరుపుకోండి. అన్నట్టు, స్పేసర్‌లో (పంపుకి తగిలించే గొట్టంలో) రెండు పఫ్‌లూ ఒకేసారి కొడుతున్నారా?

చింటూ అమ్మ:
అవును! కడిగాక గుడ్డతో తుడుస్తా కూడా.

పిల్లల వార్డు సిస్టర్:
అదే చూడండి. ఒక పఫ్ కొట్టి ఐదారు శ్వాసలు తీయించాలి, మళ్లీ పంపు ఊపి రెండోది. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించండి. ప్లాస్టిక్ స్పేసర్‌ని తుడిస్తే మందు గోడలకి అంటుకుంటుంది, సబ్బు నీళ్లలో ముంచి అలాగే ఆరనివ్వండి. రివ్యూకి పంపు, స్పేసర్ రెండూ పట్టుకెళ్లి డాక్టర్ ముందే కొట్టి చూపించండి. ఆయాసం వచ్చినప్పుడు ఇచ్చే సాల్బుటమాల్ ఎన్నిసార్లు ఇచ్చారో కూడా రాసుకెళ్లండి, వారానికి రెండుసార్లు దాటుతుంటే తగ్గించే మాటే రాదు.

చింటూ అమ్మ:
ఫోన్ చేశా సిస్టర్, సోమవారం రమ్మన్నారు. అత్తయ్యని కూడా తీసుకెళ్తున్నా, ఆవిడ డౌట్లు ఆవిడే అడుగుతుంది.