మారుతి 800 డోర్ ప్యాడ్లకు ఇంట్లోనే రెగ్జిన్ వేసుకోవచ్చా? బడ్జెట్ 2500 (చెన్నై)

వేళచ్చేరి వాసి

అందరికీ నమస్కారం. మాది 2005 మోడల్ మారుతి 800. నాన్నగారు ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) ఉద్యోగం చేసేటప్పుడు కొన్నారు. ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ఈ ఏడాది ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి, ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ కూడా తెచ్చుకున్నాం. ఇంజన్ గురించి ఒక్క మాట అనడానికి లేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో రెండు రోజులు నీళ్లలోనే నిలబడింది బండి. సీట్లు ఎండబెట్టించాం, వైరింగ్ చూపించాం, తలుపుల సంగతి మాత్రం ఎవరమూ పట్టించుకోలేదు. ఇప్పుడు నాలుగు డోర్ ప్యాడ్లూ కింద జానెడు మేర ఉబ్బి, అట్ట పొరలు పొరలుగా విడిపోతోంది. రెగ్జిన్ అంచు లేచి వేలాడుతోంది. తలుపు వేసిన ప్రతిసారీ పసుపు రంగు ఫోమ్ పొడి రాలి పాప యూనిఫాం మీద పడుతోంది. మొన్న గుడికి వెళ్తుంటే అమ్మ చీర కొంగు ఆ లేచిన అంచుకి తగులుకుని చిరిగింది. అప్పుడు నిజంగా బాధేసింది.

ఒక షాపులో నాలుగు తలుపులకి 9000 అడిగారు. నా దగ్గర 2500 దాకా ఉంది, ఆదివారాలు ఉన్నాయి. మార్చిలో తెల్ల గమ్ పెట్టి అంటించి చూశాను, వారం తిరక్కుండానే ఊడిపోయింది. ఏ గమ్ వాడాలి, ఎన్ని మీటర్లు కొనాలి, అట్ట మార్చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

జీపీ రోడ్ రెగ్యులర్

అక్కా, పుదుపేటలో పాత బండ్ల ప్యాడ్లు దొరుకుతాయి. కొత్తగా చేసే బదులు అవి తెచ్చి బిగించేసుకోండి, ఒక్క పూటలో పని అయిపోతుంది.

కుషన్ పని, పెరంబూరు

అమ్మా, మీరు అడిగింది నా పని. పదహారో ఏట మా మేనమామ దగ్గర సూది పట్టాను, ముప్పై ఏళ్లయింది. 800 డోర్ ప్యాడ్ కంటే సులువైనది కార్లలో ఇంకోటి లేదు. పలక లాంటి అట్ట, దాని మీద పల్చటి ఫోమ్, ఆ పైన రెగ్జిన్. మీరు తప్పకుండా చేయగలరు.

రెగ్జిన్ కొనే ముందు ఒక ప్యాడ్ ఊడదీసి దాని వెనక చూడండి. తలుపు రేకుకి ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉండాలి. ఏ కారుకైనా వాన నీళ్లు అద్దం పక్క సందులోంచి తలుపు లోపలికి దిగుతాయి, అది మామూలే. లోపలికి దిగిన నీళ్లు తలుపు అడుగున ఉన్న కంతల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు ప్యాడ్‌కి తగలకుండా ఆపేది ఈ షీటే. అద్దం రిపేరుకి తలుపు విప్పిన మెకానిక్కులు చాలామంది దీన్ని చించి పారేస్తారు. నా దగ్గరికి వచ్చే పాత బండ్లలో సగానికి పైగా షీటు ఉండదు. మీకు తుపాను నీళ్లతో మొదలై ఉండొచ్చు గానీ, రెండేళ్లుగా పొరలు విడిపోతూనే ఉన్నాయంటే ప్రతి వానకీ మళ్లీ తడుస్తోందన్నమాట. షీటు లేకుండా ఎంత మంచి రెగ్జిన్ వేసినా ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలకి మళ్లీ ఇదే కథ.

ఊడదీయడం: అద్దం పైకి ఎత్తి, హ్యాండిల్ ఏ వైపు తిరిగి ఉందో ఫోన్లో ఫొటో తీసుకోండి. చెయ్యి ఆనించే పట్టీకి ఉన్న స్క్రూలు తీయండి. అద్దం తిప్పే హ్యాండిల్‌కి స్క్రూ ఉండదు. హ్యాండిల్‌కీ దాని వెనక ప్లాస్టిక్ బిళ్లకీ మధ్య పాత గుడ్డ పీలిక దూర్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగండి. గుర్రపు లాడం ఆకారంలో ఉన్న చిన్న స్ప్రింగు క్లిప్పు టప్పున బయటికి దూకుతుంది. రెండో చెయ్యి అడ్డం పెట్టుకోండి, లేకపోతే అది ఎటు పోయిందో దొరకదు. ఆ తర్వాత ప్యాడ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు. గోడకి పుట్టీ పెట్టే వెడల్పాటి బ్లేడుకి గుడ్డ చుట్టి, సరిగ్గా క్లిప్పు ఉన్న చోటే దూర్చి లేపండి. మధ్యలో పట్టి లాగితే అట్ట చిరిగి క్లిప్పు రేకులోనే ఉండిపోతుంది.

తలుపు అడుగు కంతల్లో తుపాను బురద గడ్డకట్టి ఉంటుంది. చీపురు పుల్లతో పొడిచి శుభ్రం చేయండి. కొత్త షీటుకి మందపాటి పాలిథిన్ చాలు. చుట్టూ బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు టేపు) పెట్టి అంటించండి. ఒక్క సంగతి మరిచిపోవద్దు: షీటు కింది అంచుని రేకు కంతలోంచి తలుపు లోపలికి దోపాలి. అప్పుడే షీటు మీద జారిన చుక్క తలుపు లోపల పడుతుంది. అంచు బయటికి వదిలేస్తే ఆ చుక్క నేరుగా మీ అట్ట మీదికే వస్తుంది. అంటించాక బయటి నుంచి అద్దం మీద ఒక చెంబు నీళ్లు పోయండి. కింద కంతల్లోంచి నీళ్లు రావాలి, లోపలి వైపు చెయ్యి పెడితే తడి తగలకూడదు.

ఇక అట్ట. పొరలు విడిపోయిందాన్ని బాగుచేయలేం, మార్చాల్సిందే. 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు ప్లైవుడ్ కొట్లలో దొరుకుతుంది. పాతదాన్ని పైన పెట్టి గీసుకుని కోయండి. కోసిన అంచులకీ వెనక వైపుకీ రెండు పూతలు వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వండి. తడి నుంచి అట్టకి ఇదే రక్షణ. జీపీ రోడ్ తమ్ముడు చెప్పిన పుదుపేట ప్యాడ్లు కూడా ఇదే వయసు అట్టలు. కింది అంచు గోటితో నొక్కి చూసి, గట్టిగా ఉంటేనే కొనండి.

రెగ్జిన్ 54 అంగుళాల పన్నా ఉంటుంది. ఒక మీటరులో రెండు ముందు ప్యాడ్లు పక్కపక్కన సరిపోతాయి. నాలుగింటికీ కలిపి రెండున్నర మీటర్లు తీసుకోండి. పెరియమెట్‌లో చెప్పులు, బ్యాగులు కుట్టేవాళ్లకి సరుకు అమ్మే కొట్లలో అడిగి చూడండి. ఫోమ్ అతికించి వచ్చే రకం తీసుకుంటే సగం పని తగ్గుతుంది.

గమ్ విషయం. తెల్ల గమ్ కార్లకి పనికిరాదు. ఎండలో మూసి ఉన్న బండి లోపల వేడి 60 డిగ్రీల దాకా పోవచ్చు. ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి వేడి తట్టుకునే రబ్బరు సొల్యూషన్ కావాలి. అట్టకీ రెగ్జిన్ వెనక్కీ రెండింటికీ పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు వదిలేయండి. వేలి వెనక వైపుతో తాకితే అంటుకోకూడదు, అప్పుడు కలపాలి. కలిపాక జరపడం కుదరదు. అందుకే మధ్యలో న్యూస్‌పేపర్ పరిచి, రెగ్జిన్ సరిగ్గా అమర్చుకుని, కాగితాన్ని కొంచెం కొంచెంగా లాగుతూ మధ్య నుంచి అంచులకి చేత్తో రుద్దుతూ రండి. ఈ పని మిద్దె మీద చేయండి. పొయ్యి, దీపం, అగరొత్తి ఏవీ దగ్గర ఉండకూడదు. ఆ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది, మూసిన గదిలో పీలిస్తే తల తిరుగుతుంది.

అంచులు మడిచే చోట రెండు సెంటీమీటర్ల మేర ఫోమ్ గీకేయండి, అప్పుడే మడత పల్చగా కూర్చుంటుంది. హ్యాండిల్ కంతల దగ్గర గుండ్రంగా కోయొద్దు, చిన్న గుణకారం గుర్తులా గాటు పెట్టి వదిలేయండి.

అడయార్ ఐ10

అన్నా, మా ఐ10లో ప్యాడ్ మొత్తం ప్లాస్టిక్, చెయ్యి ఆనే చోట మాత్రమే బట్ట లేచింది. పాత గమ్ పోవడానికి థిన్నర్ వాడొచ్చా?

కుషన్ పని, పెరంబూరు

వద్దు తమ్ముడూ. థిన్నర్ ఆ ప్లాస్టిక్‌ని పాడుచేయొచ్చు. గీకి, సబ్బు నీళ్లతో తుడిచి, సన్న ఎమరీ పేపర్ పట్టించు. సొల్యూషన్ కూడా ముందు ప్యాడ్ వెనక కనపడని చోట కొంచెం రాసి చూడు. ఇంకోటి, గుంట ఉన్న చోట ముందు గుంటలోకి నొక్కి అంటించి, తర్వాతే చుట్టూ రావాలి. అంచుల నుంచి మొదలుపెడితే గుంట మీద రెగ్జిన్ డోలు తోలులా బిగుసుకుని, నాలుగు ఎండలకి లేచిపోతుంది.

వేళచ్చేరి వాసి

మూడు వారాలైంది. పెరంబూరు అన్నగారికి ముందుగా నమస్కారం. మీరు చెప్పినట్టే నాలుగు తలుపుల్లో మూడింటికి షీటు లేదు. ఉన్న ఒక్క తలుపులో అట్ట కింద మాత్రమే ఉబ్బింది, పైన గట్టిగా ఉంది. చీపురు పుల్లతో పొడిస్తే ఎడమ ముందు తలుపులోంచి గ్లాసుడు నల్ల నీళ్లు కారాయి. రెండేళ్లుగా అవి మా పాప కాళ్ల పక్కనే ఉన్నాయనుకుంటే మనసు అదోలా అయిపోయింది.

ఇప్పటికి ఖర్చు: రెగ్జిన్ 850, సొల్యూషన్ 480, హార్డ్‌బోర్డు కోయించి 400, క్లిప్పులు 160, పాలిథిన్, టేపు 210, వార్నిష్ 140. మొత్తం 2240.

రెండు తలుపులు చక్కగా వచ్చాయి. ఒకటి మాత్రం వాన వెలిసిన వెంటనే పొద్దున్నే రాశాను. సొల్యూషన్ మీద బూజులా తెల్లగా వచ్చింది, కలిపితే అతుక్కోలేదు. ఇంకో తలుపుకి పై మూలలో రెండు ముడతలు మిగిలిపోయాయి. ఈ రెండింటికీ ఏం చేయాలి?

కుషన్ పని, పెరంబూరు

ఆ తెల్లదనం గాలిలో తేమ అమ్మా. సొల్యూషన్ ఆరేటప్పుడు పైపొర చల్లబడుతుంది, గాలి తడిగా ఉంటే ఆ చల్లదనానికి నీరు పడుతుంది. మన ఊళ్లో వానాకాలంలో మేము కూడా పదకొండు దాటాకే గమ్ ముట్టుకుంటాం. రెగ్జిన్ లాగేసి, రెండు వైపులా ఎండలో బాగా ఆరబెట్టి, పొడి రోజు చూసి మళ్లీ ఒక పూత వేయండి.

ముడతల చోట వెనక మడత విప్పండి. మూల వంపు పొడవునా చిన్న చిన్న వి ఆకారపు ముక్కలు కత్తిరించి తీసేయండి. గాటు అంచు గీతకి మూడు మిల్లీమీటర్ల ముందే ఆగాలి. హెయిర్ డ్రయర్‌తో ఒక నిమిషం వేడి చేసి, రెగ్జిన్ మెత్తబడగానే బొటనవేలితో లాగి వెనక్కి అంటించి, చల్లారేదాకా పట్టుకోండి. ఒక్కోసారి రెండు సార్లు చేయాలి.

వేళచ్చేరి వాసి

మూల సర్దుకుంది అన్నా, రెండోసారికి. తెల్లబడిన ప్యాడ్ ఇప్పుడు మిద్దె మీద ఎండుతోంది. ఆదివారం వాన లేకపోతే అదీ బిగించేస్తాను. పన్నాలో ఇంకా కొంచెం ముక్క మిగిలింది, దాంతో అమ్మ కూర్చునే వైపు చెయ్యి ఆనించే పట్టీకి కూడా వేద్దామనుకుంటున్నాను.