అప్‌డేట్: మా ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల బస్సు చార్జీల సంగతి

మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లలు ఆదివారాలు పల్లెల్లో చదువు చెప్పడానికి వెళ్తుంటే చార్జీలు ఎలా సర్దాలని మొన్న అడిగాను కదా. అమ్మాయిల సంగతి తేలికే, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి పల్లె వెలుగులో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇస్తారు. ఇబ్బందంతా అబ్బాయిలకే. వాళ్ల స్టూడెంట్ పాస్ ఇంటికీ కాలేజీకీ మధ్యే చెల్లుతుంది, పైగా మెయిన్ రోడ్డు దిగాక ఊళ్లోకి షేర్ ఆటో.

మీరు చెప్పినట్టే పూర్వ విద్యార్థులను అడిగాం, కొంత డబ్బు పోగైంది. ఏడాదికి 120 గంటల సేవ అడుగుతున్నాం, దారి ఖర్చు కూడా వాళ్లనే పెట్టుకోమనడం అన్యాయం. టికెట్లు తెస్తే తర్వాత ఇస్తాం అనకుండా శనివారమే చేతికిచ్చేస్తున్నాం, ఎందుకంటే జేబులో డబ్బుల్లేని పిల్లాడు "ఇంట్లో పనుంది సార్" అని మానేస్తాడే గానీ చార్జీలు లేవని నోరు తెరిచి చెప్పడు. వానాకాలంలో ఆటోలు రాని ఊరొకటి మిగిలింది, దానికి కాలేజీ బస్సు అడుగుతున్నాం.