ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణంలో అద్దె గడువు ముగుస్తోంది: ఏజెంటు రుసుము కట్టాలా?

ప్రశ్న: మా ఇంటి పన్నెండు నెలల ఒప్పందం 2026 జనవరి 31తో ముగుస్తుంది. కొత్త పత్రం తయారీకి 120 పౌండ్లు కట్టాలని, లేకుంటే ఖాళీ చేయవలసి వస్తుందని ఏజెంటు మెయిల్ పంపారు. ఇది న్యాయమేనా అండీ?

జవాబు: కట్టనవసరం లేదండీ. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1న అమల్లోకి వచ్చిన టెనెంట్ ఫీజ్ చట్టం ఒప్పందం పొడిగింపు రుసుమును నిషేధించింది. మీరు సంతకం చేయకుండా అదే ఇంట్లో ఉంటూ నెలనెలా అద్దె కడుతుంటే, 1988 నాటి హౌసింగ్ చట్టం ప్రకారం ఒప్పందం దానంతటదే నెలవారీ అద్దెగా కొనసాగుతుంది. గడువు తీరినంత మాత్రాన మిమ్మల్ని ఖాళీ చేయించలేరు, అందుకు కోర్టు ఉత్తర్వు కావాలి.

జవాబు: నేను తెలియక 90 పౌండ్లు కట్టేశాను. రసీదు జతచేసి, చట్టం పేరు ప్రస్తావించి మెయిల్ రాస్తే వారం తిరక్కుండానే డబ్బు వెనక్కి వచ్చింది. ఫోన్లో మాట్లాడకండి, అంతా రాతలోనే ఉండనివ్వండి. అప్పటికీ వినకపోతే స్థానిక కౌన్సిల్‌లో వ్యాపారుల అక్రమాలపై చర్య తీసుకునే ట్రేడింగ్ స్టాండర్డ్స్ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు.

జవాబు: ఒక్క జాగ్రత్త. మీరే కోరి ఒప్పందంలో మార్పు చేయించుకుంటే మాత్రం సాధారణంగా 50 పౌండ్ల వరకు అడగవచ్చు. అయినా 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో ఇలాంటి నిర్ణీత గడువు ఒప్పందాలే రద్దవుతున్నప్పుడు, ఇప్పుడు కొత్త పత్రం కోసం తొందరపడటం దేనికి?