కూర్చోలేని పాపను దిండ్లు పెట్టి కూర్చోబెట్టవచ్చా?

ప్రశ్న (బొబ్బిలి నుంచి):
మా పాపకు ఆరో నెల నడుస్తోంది. బోర్లా పడుతోంది గాని, తనంతట తాను ఇంకా కూర్చోలేదు. మా అత్తగారు చుట్టూ దిండ్లు పేర్చి కూర్చోబెడుతున్నారు. మా వారు వాకర్ కొందామంటున్నారు. బిడ్డను తన తీరున ఎదగనివ్వాలని నా కోరిక. పెద్దవారిని నొప్పించకుండా ఏమని చెప్పాలి?

జవాబు (శ్రీకాకుళం):
హంగేరీకి చెందిన పిల్లల వైద్యురాలు ఎమ్మీ పిక్లర్ 1946లో బుడాపెస్ట్‌లో నెలకొల్పిన శిశుగృహంలో, బిడ్డ తానుగా చేరుకోలేని భంగిమలో పెద్దలు ఉంచరాదన్న నియమం పాటించేవారు. నేల మీద చోటిస్తే బిడ్డ దొర్లుతూ, పాకుతూ, ఒక చేతిపై ఒరిగి, కూర్చునే దారి తానే కనుక్కుంటుంది. చాప పరిచి, చేతికందేంత దూరంలో చిన్న స్టీలు గిన్నె ఒకటి ఉంచి చూడండి. వాకర్ మాత్రం వద్దే వద్దు. ప్రమాదాల కారణంగా కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోతే పిల్లల వైద్యులకు చూపించండి.

జవాబు (విజయనగరం):
అత్తగారితో వాదానికి దిగవద్దమ్మా. కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్లు పోయడం ఆవిడకు వచ్చినట్లు మనకు రాదు. పిక్లర్ పద్ధతిలోనూ స్నానం, పాలు పట్టడం, బట్టలు మార్చడం అన్నిటికన్నా విలువైన వేళలే. "చెయ్యి ఎత్తుతున్నాను తల్లీ" అని చెప్పి, పాప ఆ మాట అందుకునేదాకా కాసేపు ఆగమని అడగండి. చెవుల్లో, ముక్కులో నూనె పోయడం మాత్రం మాన్పించండి.

జవాబు (పలాస):
రేపు అంగన్‌వాడీకి పంపే వేళ పలక పట్టించే తొందరా మొదలవుతుంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటపాటలతోనే నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోందని మీ వారికి ఇప్పటినుంచే చెప్పి ఉంచండి.