అప్‌డేట్: కార్మెనేర్‌తో ఏం తినాలని అడిగాను కదా

చిలీ కార్మెనేర్ (ఆ పేరుగల ద్రాక్షతో చేసే రెడ్ వైన్) సీసా ఒకటి దొరికింది, దాంతో ఏం వండాలి, ఆ పచ్చి క్యాప్సికమ్ వాసన మామూలేనా అని అడిగాను. మీ సలహాలతో వండేశాను, తాగేశాం కూడా.

వాసన మామూలే. పైరజీన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది, కాయ సరిగా పండకపోతే మరీ ఎక్కువ. ఈ ద్రాక్షేమో మెర్లో అనే మరో ద్రాక్ష రకం కోతలు అయిపోయిన వారాల తర్వాత గానీ పండదు. చిలీ తోటల్లో రెండూ కలిసిపోయి, చాలాకాలం మెర్లో పేరుతోనే అమ్ముడయ్యాయట! 1994లో ఝాన్-మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచ్ నిపుణుడు తీగలు చూసి గుర్తుపట్టాడు: ద్రాక్ష తీగల వేర్లను పీల్చే ఫిలాక్సెరా పురుగు దెబ్బకి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో దాదాపు మాయమైన రకం ఇదేనని. మా సీసా చిలీలోని కోల్చాగువా లోయది. వెచ్చటి ప్రాంతం కాబట్టి కాబోలు, ప్లమ్ రుచి, మిరియాల ఘాటు ముందు తెలిశాయి.

పాస్తెల్ దె చోక్లో (చిలీ వాళ్ల మొక్కజొన్న బేక్) చేయమన్నవారికి దండాలు. అడుగున కీమా, ఉల్లి, జీలకర్ర, చికెన్, గుడ్డు, ఆలివ్‌లు. పైన బేసిల్ వేసి రుబ్బిన మొక్కజొన్న. ఓవెన్‌లో పైపొర ఎర్రబడాలి. ఆ తీపికి వైన్‌లోని పచ్చిదనం భలే కుదిరింది. నిప్పుల మీద కాల్చిన మటన్ కూడా ఫరవాలేదు.

మా ఆయన పట్టుబట్టిన ఎండుమిర్చి కోడివేపుడు మాత్రం వద్దు. కారానికి ఆల్కహాల్ తోడై నోరు మండింది, వైన్ రుచే తెలియలేదు. ఆయన మాత్రం వేపుడు వదల్లేదు, గ్లాసే పక్కన పెట్టారు.