నిటారు ఏట్లో కయాకింగ్ చేసినవాళ్లున్నారా? మీ జ్ఞాపకాలు రాయండి

రాజమండ్రి_కుర్రాడు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, ఉద్యోగం బెంగళూరులో. చిన్నప్పటి నుంచి గోదావరిలో ఈదినవాణ్ణి కాబట్టి నీళ్లంటే భయం లేదు. ఇక్కడి స్నేహితుల వల్ల కయాకింగ్ అలవాటైంది. మొదట చెరువులో తెడ్డు వేయడం, తర్వాత స్విమ్మింగ్ పూల్‌లో రోల్ (పడవ తిరగబడితే అందులోంచి బయటికి రాకుండానే తెడ్డుతో మళ్లీ పైకి లేవడం), పోయిన చలికాలం రిషికేశ్‌లో గంగ. ఇప్పుడు మా బ్యాచ్ అంతా జులైలో కేరళ వెళ్దాం, కోడంచేరి దగ్గర చాలిపుజ, ఇరువంజిపుజ ఏళ్లలో దిగుదాం అంటున్నారు. వీడియోలు చూస్తే గంగకీ దీనికీ పోలికే లేదు, రాళ్ల మధ్య ఇరుకు సందుల్లోంచి కిందికి దూకుతున్నారు.

ఏ హెల్మెట్ కొనాలి, ఏ పడవ తీసుకోవాలి అనేది మా వాళ్లు చెబుతారు. నేనడిగేది వేరే. స్నేహితులతో కలిసి ఇలాంటి ఏరు దిగినవాళ్లకి ఏళ్లు గడిచాక ఏం గుర్తుంటుంది? అది తెలిస్తే నేను దేనికి సిద్ధపడాలో అర్థమవుతుందని అనిపిస్తోంది. తీరిగ్గా రాయండి, ఎంత పొడవున్నా చదువుతాను.

వానాకాలం_బ్యాచ్:

తమ్ముడూ, నీ ప్రశ్న చదవగానే వయనాడ్ నుంచి కిందికి దిగే తామరస్సేరి ఘాట్ గుర్తొచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను గానీ బెంగళూరులో ఉన్న రోజుల్లో మా బ్యాచ్ వానాకాలం వస్తే చాలు అక్కడే ఉండేది. శుక్రవారం ఆఫీసు అయ్యాక జీపు మీద కయాకులు కట్టుకుని బయల్దేరేవాళ్లం. బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, 2009 నుంచీ అదే రూలు, అందుకని హుణసూరు, గోణికొప్ప, కుట్ట మీదుగా మానంతవాడి చేరి, కల్పెట్ట దాటి, ఘాట్‌లో తొమ్మిది హెయిర్‌పిన్ మలుపులు దిగితే తెల్లారేసరికి అడివారం. అక్కడ టీ తాగుతుంటే వానకి తడిసిన లారీలు, పొగమంచు. తర్వాత పోకతోటలు, రబ్బరు తోటలు దాటుకుంటూ కోడంచేరి వెళ్తుంటే ఏరు కనబడక ముందే చప్పుడు వినబడేది. మాలో ఒకడు ఆ చప్పుడు విని ఈరోజు నీళ్లు ఎక్కువున్నాయి, తక్కువున్నాయి అని చెప్పేసేవాడు, చాలాసార్లు అది నిజమయ్యేది.

గంగతో పోలిక లేదన్నావు, నిజమే. గంగలో ఒక పెద్ద అలల వరస దాటాక చదునైన నీళ్లు వస్తాయి, తిరగబడినా కింద లోతుంటుంది, రోల్ చేయడానికి నాలుగు క్షణాలు దొరుకుతాయి. నిటారు ఏట్లో ఆ వెసులుబాటు ఉండదు. కిలోమీటరుకి ఇరవై మీటర్లు, అంతకన్నా ఎక్కువ దిగే ఏరు అంటే మేడ మెట్ల మీద నీళ్లు కుమ్మరించినట్టే, ఒక మెట్టు దిగి తేరుకునేలోపే ఇంకో మెట్టు. పైగా పడవలో కూర్చున్నవాడికి ముందేముందో కనబడదు. నీళ్లు ఒకచోట గీత గీసినట్టు ఆగిపోయి, ఆ గీత అవతల చెట్ల చిటారు కొమ్మలు మాత్రమే కనిపిస్తున్నాయంటే అక్కడ నీళ్లు కిందికి పడుతున్నట్టు. అప్పుడు ఎడ్డీలోకి తిప్పుకోవాలి, అంటే బండ వెనకాల నీళ్లు వెనక్కి తిరిగి నెమ్మదించే చోటు. గట్టెక్కి, బండల మీద పాకుతూ వెళ్లి, పైనుంచి చూడాలి. మా రోజులో సగం టైము ఈ చూడటానికే పోయేది. వానలో తడుస్తూ, జలగలు పీక్కుంటూ, ఆ నురగలో ఎక్కడ దిగితే ఎక్కడ తేలతామని వాదించుకునేవాళ్లం. ఒకడు కుడి అంటాడు, ఇంకొకడు ఎడమ అంటాడు, ఒక పుల్ల విసిరి అది ఎటు పోతుందో చూస్తాం. ఇన్నేళ్ల తర్వాత నాకు జలపాతాల కన్నా ఆ వాదనలే స్పష్టంగా గుర్తున్నాయంటే నమ్ము.

నాకు బాగా గుర్తుండిపోయిన రోజు ఒకటుంది. చాలిపుజ పైభాగంలో, తుషారగిరి జలపాతాల వైపు, రెండు పెద్ద బండల మధ్య నిలువెత్తు కన్నా కాస్త ఎక్కువ దిగే డ్రాప్. దాని కింద హోల్, అంటే పడిన నీళ్లు మళ్లీ వెనక్కి తిరిగి తన్నేచోటు, అందులో పడితే పడవని వదలదు. దాన్ని దాటాలంటే బూఫ్ కొట్టాలి: అంచు దాకా ఓపిక పట్టి, సరిగ్గా అంచు మీద ఒక్క బలమైన తెడ్డు వేసి, నడుముని ముందుకి తోస్తే పడవ ముక్కు కిందికి కుంగకుండా చదునుగా వెళ్లి ఆ హోల్ అవతల పడుతుంది. తెడ్డు తొందరగా వేస్తే ముక్కు మునిగిపోతుంది, లేటైతే అసలు ఉపయోగం లేదు. మా అందరిలోకీ నెమ్మదస్థుడు, మాట తక్కువవాడు, ముందు దిగాడు. బాగానే కొట్టాడు కానీ పక్కబండకి తగిలి తిరగబడి హోల్‌లోకి జారిపోయాడు. రోల్ చేస్తాడు, మళ్లీ తిరగబడతాడు, మళ్లీ లేస్తాడు. చివరికి స్ప్రే స్కర్ట్ (పడవలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ కప్పే గుడ్డ) లాగేసి పడవ వదిలేశాడు. కింద బండ మీద తాడు పట్టుకుని నిలబడ్డది కోజికోడ్ కుర్రాడు ఒకడు, మాకు అంతకుముందు రోజే పరిచయం. "రోప్!" అని ఒక్క కేక పెట్టి విసిరాడు, తాడు సూటిగా మావాడి ఛాతీ మీద పడింది. లాగి గట్టుకి చేర్చేదాకా మాలో ఎవరి నోటా మాట రాలేదు.

ఆ తర్వాత జరిగింది చెబుతాను. మావాడు దగ్గి, నీళ్లు కక్కి, కాసేపు కూర్చుని, లేచి వెళ్లి ఆ కుర్రాడి చేతిలోంచి తాడు తీసుకుని అదే బండ మీద నిలబడ్డాడు. మిగతావాళ్లం దిగేదాకా కదల్లేదు. నేను పైనుంచి చూస్తే వాడు తెడ్డు నిలువుగా ఎత్తి పట్టుకుని ఉన్నాడు, అంటే రావచ్చు అని సైగ. అప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇంకెక్కడా కలగలేదు. పడవలో ఒక్కడివే కూర్చుంటావు, తెడ్డు నీ ఒక్కడి చేతిలోనే ఉంటుంది, అయినా నువ్వు దిగుతున్నది కింద నిలబడ్డవాడి మీద నమ్మకంతో. నువ్వు అడిగిన దానికి నా జవాబు ఇదే.

సాయంత్రం జీపు దగ్గర తడిబట్టలు మార్చుకుని వేడివేడి కర్రపెండలం, చేపల కూర తినడం కూడా మర్చిపోలేనిదే. అక్కడివాళ్లు ఏటి సంగతి మనకన్నా బాగా తెలిసినవాళ్లు, టీకొట్టు దగ్గర ఎవరైనా పెద్దాయన ఇవాళ వద్దు అంటే దిగకు. కొండ మీద వాన పడితే కింద ఎండ కాస్తున్నా నీళ్లు పెరుగుతాయి, రంగు మారి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే వెంటనే గట్టెక్కేయాలి.

షార్లెట్_తెలుగోడు:

పైన అన్నగారు రాసింది చదివి ఆఫీసులో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. నేను నార్త్ కరోలినాలో ఉంటాను, మాకు దగ్గరలో గ్రీన్ రివర్ నారోస్ అని ఒక ఏరుంది, అమెరికాలో నిటారు ఏళ్ల పేర్లు చెప్పమంటే ముందు వినబడే వాటిలో ఒకటి. గొరిల్లా, హ్యామర్ ఫ్యాక్టర్, "ఎడమకి వెళ్తే చస్తావ్" అని ఇలా ఒక్కో డ్రాప్‌కి ఒక్కో పేరు. 1996 నుంచి నవంబర్ మొదటి శనివారం అక్కడ రేసు జరుగుతూ వచ్చింది. జనం కొండ దిగి, చివర్లో తాళ్లు పట్టుకుని జారుతూ వెళ్లి, బండల మీద కూర్చుని చూసేవాళ్లు. కోడంచేరిలో వాన ఎంత పడితే అన్ని నీళ్లు, ఇక్కడ అలా కాదు, పైన లేక్ సమ్మిట్ డ్యామ్ నుంచి కరెంటు కోసం నీళ్లు వదిలినప్పుడే దిగేవాళ్లం. ఎప్పుడు వదులుతారో కనుక్కుని బయల్దేరేవాళ్లం.

నేను నేర్చుకున్నది నంటహేలా నదిలో, అది సులువైనదే గానీ నీళ్లు డ్యామ్ అడుగు నుంచి వస్తాయి కాబట్టి ఎండాకాలంలో కూడా ఎముకలు కొరికేంత చల్లన. తర్వాత టెన్నెస్సీలో ఒకోయీ, 1996 అట్లాంటా ఒలింపిక్స్ కయాక్ స్లాలమ్ (వేలాడే గుంజల మధ్య నుంచి తిప్పుకుంటూ వెళ్లే) పోటీలు జరిగింది అక్కడే. గ్రీన్‌కి వచ్చేసరికి చాలాకాలం పట్టింది, అదీ మంచిదే అయింది. మా గుంపులో ఒక గుజరాతీ, ఇద్దరు లోకల్ వాళ్లు, నేను. లోకల్ వాళ్లలో ఒకాయన రిటైరైన వడ్రంగి, ప్రతి బండ వెనకాల ఏముందో ఆయనకి కంఠతా వచ్చు. నన్ను వెనకాలే రమ్మని, ప్రతి ఎడ్డీలో ఆగి, వెనక్కి తిరిగి నేను వచ్చానో లేదో చూసి, అప్పుడు కదిలేవాడు. గొరిల్లా దగ్గరికి రాగానే పడవ భుజానికెత్తుకుని పక్కనుంచి నడిచి వెళ్దాం అన్నాడు. ఆయన దాన్ని ఎన్నో ఏళ్లుగా దిగుతున్న మనిషి, నా కోసం ఆరోజు నడిచాడు.

2024 సెప్టెంబర్ చివర్లో హెలీన్ తుఫాను వచ్చి ఆ లోయ రూపమే మార్చేసింది. ఇంటంత బండలు కదిలిపోయాయి, చాలా డ్రాపులు ముందున్నట్టు లేవు. ఆయన నేర్పిన దారులు కొన్ని ఇప్పుడు ఏట్లో లేవంటే ఇంకా మనసొప్పుకోవట్లేదు. అక్కడ కలిసి దిగిన ఫొటోలు చాలా తక్కువున్నాయి, నీళ్లలో ఉన్నప్పుడు ఫోన్ గుర్తుండదు కదా. తమ్ముడూ, నువ్వు మాత్రం ఎవరో ఒకరి చేత తీయించుకో.

రాజమండ్రి_కుర్రాడు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఒక డౌట్. అందరూ దిగుతున్న డ్రాప్ నాకు ఒక్కడికే వద్దనిపిస్తే? నా వల్ల మిగతావాళ్లకి ఆలస్యం అవుతుందేమో అని ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది.

తెడ్డు_తాడు:

దానికి నేను చెబుతాను. బెంగళూరులో కొత్తవాళ్లకి కయాకింగ్ నేర్పుతుంటాను, వానాకాలంలో కోడంచేరిలో ఎక్కువగా తాడు పట్టుకుని గట్టు మీదే ఉంటాను. ఏ మంచి గుంపులోనైనా నడిచి వెళ్లేవాణ్ణి ఎందుకు అని అడగరు. అడిగే గుంపైతే ఆ గుంపుతో ఏరు దిగొద్దు, అంతే. నడిచివెళ్లేవాడు కింద తాడు పట్టుకుంటాడు, అది దిగినవాడి పనికన్నా తక్కువ పనేం కాదు.

అన్నయ్య రాసింది బాగుంది గానీ ఒక్క విషయంలో నేను వేరే మాట చెబుతాను. మొదటి సీజన్‌లోనే తుషారగిరి వైపు పైభాగానికి వెళ్లొద్దు. 2013 నుంచి అక్కడ మలబార్ రివర్ ఫెస్టివల్ జరుగుతోంది, విదేశాల నుంచి పేరున్నవాళ్లు వస్తారు, ఆ వీడియోలు చూసి మనవాళ్లు వాళ్లు దిగిన చోటే దిగాలనుకుంటారు. స్లాలమ్ పోటీలు జరిగే పులిక్కయం దగ్గర కొన్నాళ్లు ఎడ్డీలోకి వెళ్లడం, బయటికి రావడం ఇదొక్కటే చేయి, విసుగొచ్చేదాకా చేయి. నిటారు ఏట్లో ప్రాణం కాపాడేది ఎడ్డీ పట్టుకోవడమే, బూఫ్ కాదు.

గోదావరి ఈత గురించి కూడా. ఆ ధైర్యం మంచిదే, కానీ ఇక్కడ పడవలోంచి పడితే లోతు తక్కువే కదా అని నిలబడటానికి ప్రయత్నించకు. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే వెనక నుంచి నీళ్లు తోసేసి మనిషిని ముందుకి పడేస్తాయి, మోకాలి లోతులో కూడా ప్రాణం పోతుంది. వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకి, ప్రవాహం పోయే వైపు పెట్టి తేలాలి. తాడు అందితే చేతికి చుట్టుకోకు, ఛాతీ మీద పట్టుకుని భుజం మీదుగా వెనక్కి రానివ్వు. అడ్డంగా పడిన చెట్టు, వెదురు పొద కనిపిస్తే దానికి దూరంగా తిప్పుకో, నీళ్లు కొమ్మల మధ్య నుంచి వెళ్తాయి, మనిషి వెళ్లడు. సైగ చేసేటప్పుడు ప్రమాదం ఉన్న వైపు చూపించకూడదు, వెళ్లాల్సిన వైపే చూపించాలి, ఇది మీ బ్యాచ్ అంతా ముందే అనుకోండి.

2024లో ఫెస్టివల్ ముగిసిన రెండు రోజులకే, జులై 30న, ఘాట్ పైన వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయాయి. మాకు టీ పోసి, అన్నం పెట్టినవాళ్ల చుట్టాలు అక్కడున్నారు. ఆ వాన ఏంటో ఆ ఊళ్లకి తెలుసు, వాళ్లు వద్దన్నరోజు నిజంగా వద్దు.

ఏజెన్సీ_కబుర్లు:

నాది రంపచోడవరం. ఇదంతా చదువుతుంటే మా మారేడుమిల్లి వాగులు గుర్తొచ్చాయి. వానాకాలంలో పాములేరు వాగు పొంగితే మా చిన్నప్పుడు వంతెన మీద నిలబడి గంటలు గంటలు చూసేవాళ్లం. ఆ నీళ్లలోకి పడవ వేసుకుని దిగొచ్చన్న ఊహ కూడా రాలేదు. ఏటా టూరిస్టులు స్నానానికి దిగి మునిగిపోయారన్న వార్త వింటూనే ఉంటాం, అందుకే మా ఊళ్లో నీళ్లంటే పిల్లల్ని ఆపడమే తెలుసు. తాడు విసరడం వచ్చిన కుర్రాళ్లు పదిమంది మా దగ్గర తయారైతే ఎంత బాగుంటుంది అనిపిస్తోంది. అక్కా, ఎప్పుడైనా మా వైపు వచ్చి నేర్పుతారా? మకాం, భోజనం మేం చూసుకుంటాం.

తెడ్డు_తాడు:

తప్పకుండా వస్తాను. నీళ్లు తక్కువుండే డిసెంబర్‌లో మొదలుపెడదాం, ముందు గట్టు మీద తాడు, తర్వాతే నీళ్లు. ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.

రాజమండ్రి_కుర్రాడు:

మా బ్యాచ్‌కి ఈ చర్చ మొత్తం పంపించాను. జులై ట్రిప్‌లో పులిక్కయం దగ్గరే ఉందామని అందరూ ఒప్పుకున్నారు. ఈ ఆదివారం చెరువు గట్టున తాడు విసరడం ప్రాక్టీస్. అక్కా, త్రో బ్యాగ్ (విసిరే తాడు ఉండే సంచి) ఎంత పొడవు తాడుది కొనాలి?

తెడ్డు_తాడు:

15 నుంచి 20 మీటర్ల మధ్య, నీళ్ల మీద తేలే తాడు ఉన్నది. ఒక్కటి కాదు, ప్రతి పడవకీ ఒకటి. మొదటిసారి విసిరింది తప్పిపోతే సంచిలోకి కుక్కే టైముండదు, తాడు చేతిలో మడతలుగా చుట్టి రెండోసారి విసరడం కూడా ఆదివారమే నేర్చుకోండి.