చెన్నైలో కొత్త లెక్చరర్‌ని: 63 మంది రకరకాల పిల్లలకు కోర్స్ ప్లాన్ ఎలా వేసుకోవాలి?

కొత్తగా వచ్చిన లెక్చరర్, శోళింగనల్లూరు:

పెద్దలకూ అక్కలకూ అన్నలకూ నమస్కారం. మాది నంద్యాల దగ్గర పల్లెటూరు. రెండేళ్ళు కర్నూల్లో పాఠాలు చెప్పాను. మావారి ఉద్యోగం ఇక్కడికి మారడంతో పోయిన నెలే చెన్నై వచ్చాం. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. ఫస్టియర్‌కి పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్పాలి.

సెక్షన్ లిస్టు చేతికొచ్చింది. 63 మంది. తిరువణ్ణామలై, విళుప్పురం వైపు గవర్నమెంటు బళ్ళలో తమిళ మీడియం చదివినవాళ్ళు చాలామంది. నెల్లూరు, చిత్తూరు నుంచి మన పిల్లలు 12 మంది. బీహార్ నుంచి ఐదుగురు. ఒకమ్మాయికి చెవి మిషన్ ఉందట. ఇంకో అబ్బాయి రాత్రిళ్ళు పార్సిల్ గోడౌన్‌లో పనిచేసి ఫీజు కట్టుకుంటున్నాడట. అందరికీ సరిపోయేలా ఫ్లెక్సిబుల్ లెర్నింగ్ ప్లాన్ రాసి పది రోజుల్లో ఇమ్మన్నారు హెచ్‌ఓడీ సార్. నాకు తమిళం ఒక్క ముక్క రాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులుగా తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాను. దయచేసి చెప్పండి.

వేళచ్చేరి అక్క, 19 ఏళ్ళుగా ఇక్కడే పాఠాలు:

కంగారు పడకు తల్లీ. ఆ తెల్లకాగితం ముందు కూర్చోనివాళ్ళం మాలో ఎవరూ లేం.

ఫ్లెక్సిబుల్ అనగానే చాలామందికి తోచేది గడువు పెంచడం, చూసీచూడనట్టు పోవడం. నేనూ మొదట్లో అదే చేశాను. ఎవరొచ్చి అడిగినా అసైన్‌మెంటుకి రెండు రోజులు ఎక్కువిచ్చేదాన్ని. ఆ సెమిస్టర్ చివర రిజిస్టర్ ముందేసుకుని చూస్తే, గడువు పెంచమని అడిగిన 11 మందిలో తమిళ మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. అరియర్లు పడింది మాత్రం వాళ్ళకే. తప్పిన సబ్జెక్టుకి బ్యాక్‌లాగ్ అనే మాట ఇక్కడ పెద్దగా వినపడదు, అరియర్ అంటారు, అలవాటు చేసుకో. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. స్టాఫ్ రూమ్ గుమ్మం దాకా వచ్చి నోరు తెరిచి అడగ్గలిగిన పిల్లలకే నా మంచితనం అందింది. అందుకే నీకు చెప్పేది ఒక్కటే: ఎవరూ వచ్చి అడగాల్సిన అవసరం లేకుండా, వెసులుబాటు అంతా మొదటి రోజే అందరికీ రాసి ఇచ్చెయ్యి.

ముందు కాగితం మీద వంగనివి రాసుకో. సెమిస్టర్ అయ్యేసరికి ప్రతి పిల్లా ఒక సమస్య చదివి దానికి అల్గారిదమ్ రాయగలగాలి. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే లూపు ఎక్కడ పెట్టాలో తెలియాలి. డేటా దాచడానికి లిస్టు ఎప్పుడు, డిక్షనరీ ఎప్పుడు వాడాలో తేల్చుకోగలగాలి. పెద్ద ప్రోగ్రామ్‌ని ఫంక్షన్లుగా విడగొట్టగలగాలి. ఫైలు చదివి, రాయగలగాలి. ఇవి 63 మందికీ ఒకటే, గోడౌన్ అబ్బాయికైనా సరే తగ్గించకు. తగ్గిస్తే వాడికి మేలు చేసినట్టు కాదు, మూడో సెమిస్టర్లో డేటా స్ట్రక్చర్స్ దగ్గర వాడే తన్నుకులాడతాడు. వంగాల్సింది అక్కడికి చేరే దారి.

మొదటి వారంలో మార్కుల్లేని చిన్న పరీక్ష ఒకటి పెట్టు. పది ప్రశ్నలు చాలు. ఇక్కడి ప్లస్ టూలో కంప్యూటర్ సైన్స్ గ్రూపు తీసుకున్నవాళ్ళు పైథాన్ చూసే వస్తారు. సీబీఎస్‌ఈలో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళూ అంతే. మన ఇంటర్ ఎంపీసీలో ప్రోగ్రామింగ్ ఊసే లేదు కదా! ఇంగ్లిషు బాగా మాట్లాడే నెల్లూరు పిల్లవాడికి వేరియబుల్ అంటే తెలియకపోవచ్చు, మాట పెగలని విళుప్పురం అమ్మాయి లూపు చకచకా రాసెయ్యొచ్చు. మీడియం చూసి అంచనా వేస్తే మొదటి రోజే తప్పులో కాలేస్తావు. ఆ పరీక్ష చూసి జతలు కట్టు, వచ్చినవాళ్ళ పక్కన రానివాళ్ళు. ఒక్క నియమం: కీబోర్డు ఎప్పుడూ రానివాళ్ళ చేతిలోనే ఉండాలి. వచ్చినవాళ్ళు నోటితో చెప్పాలి. లేకపోతే ఒకరు టైపు చేస్తుంటే రెండోవాళ్ళు చూస్తూ కూర్చుంటారు, ల్యాబ్ రికార్డు మాత్రం ఇద్దరిదీ నిండుతుంది.

భాష సంగతి. పాఠం ఇంగ్లిషులోనే చెప్పు, మాటలు చిన్నవి వాడు. జతల్లో మాత్రం వాళ్ళు ఏ భాషలోనైనా మాట్లాడుకోనివ్వు. అధ్యాయానికి పదిహేను మాటలు తీసి, తమిళం, తెలుగు, హిందీ అర్థాలు పిల్లల చేతే పక్కపక్కన రాయించి గోడకు అంటించు. వేరియబుల్‌ని తమిళంలో ‘మాఱి’ అంటారు. వినగానే నీకే అర్థమవుతుంది, మారేది. మన పుస్తకాల్లో చలరాశి. ఆ పట్టీ తయారయ్యేసరికి నీకూ కొంత తమిళం వస్తుంది. ‘పురియల మేడమ్’ అంటే అర్థం కాలేదని, ఇది మాత్రం ఈ రాత్రే నేర్చుకో. ఒక జాగ్రత్త కూడా. మన 12 మందితో క్లాసులో తెలుగులోకి జారిపోకు. ఊరుగాని ఊళ్ళో మన మాట వినపడితే ప్రాణం లేచొస్తుంది, తెలుసు. కానీ మిగతా 51 మందికి ఆ క్షణంలో నువ్వు వాళ్ళ మేడమ్‌వి కావు.

ఇక మార్కులు. అన్నా యూనివర్సిటీ 2021 రెగ్యులేషన్‌లో థియరీకి ఇంటర్నల్ 40, ఎండ్ సెమిస్టర్ 60. మీ పిల్లలకు వర్తించే రెగ్యులేషన్ వేరైనా, మీది అటానమస్ (సొంతంగా పరీక్షలు పెట్టుకునే) కాలేజీ అయినా కొద్దిగా తేడా ఉండొచ్చు, రూలు పుస్తకం చూసుకో. ఆ 60 నీ చేతిలో లేదు, నీ వెసులుబాటంతా ఆ 40లోనే. నేను ఆరు చిన్న క్విజ్‌లు పెట్టి మంచివి ఐదు లెక్కేస్తాను. జ్వరం వచ్చినా, ఇంట్లో చావొచ్చినా ఎవరూ సర్టిఫికెట్ పట్టుకుని తిరగక్కర్లేదు. అసైన్‌మెంట్లకు తలా రెండు గడువు చీటీలు ఇస్తాను, ఒక్కో చీటీకి మూడు రోజులు. కారణం అడగను. అడగకపోవడమే అందులో ముఖ్యం. ‘రాత్రి గోడౌన్‌లో పనిచేశాను’ అని పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పదిమందిలో చెప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించు.

జవాబు ఇచ్చే తీరులోనూ ఎంపిక పెట్టు. ఒక లూపు ఎలా నడుస్తుందో చెప్పమన్నావనుకో. ట్రేస్ టేబుల్ (ప్రతి తిప్పులో విలువలు రాసే పట్టిక) గీసి ఇవ్వొచ్చు, నీ బల్ల దగ్గరకొచ్చి నాలుగు నిమిషాలు నోటితో చెప్పొచ్చు, ఫోన్‌లో రికార్డు చేసి పంపొచ్చు. మూడింటికీ రూబ్రిక్, అంటే మార్కులు వేసే కొలత, ఒక్కటే: ప్రతి తిప్పులో విలువ సరిగ్గా చెప్పారా, లూపు ఎందుకు ఆగిందో చెప్పారా. మనవాళ్ళు చాలామంది ఇంటర్‌లో ఎంట్రన్స్ కోసం బిట్లు పెట్టడమే తప్ప నోరు తెరిచి వివరించడం ఎరగరు. నోటితో చెప్పేది వాళ్ళ చేత ఒక్కసారైనా చేయించు.

హెచ్‌ఓడీ గారు దీనికో పేరు అడిగితే యూనివర్సల్ డిజైన్ ఫర్ లెర్నింగ్ అని రాయి. 1984లో అమెరికాలో మొదలైన క్యాస్ట్ అనే సంస్థ దాన్ని రూపుదిద్దింది. ఆసక్తి కలిగించే దారులు, విషయం అందించే దారులు, నేర్చుకున్నది చూపించే దారులు, మూడూ ఒకటికి మించి ఉండాలంటారు వాళ్ళు. 2024లో వాళ్ళ మార్గదర్శకాల 3.0 రూపం వచ్చింది. ఆ మూడు వరసలు నిలువు గడులుగా గీసుకుని నీ వారాలు అందులో నింపితే ప్లాన్ సగం అయినట్టే.

మైలాపూరు నుంచి, రిటైర్డ్ ప్రొఫెసర్:

అమ్మాయీ, వేళచ్చేరి అమ్మ చెప్పినవన్నీ బాగున్నాయి. ఒక్క విషయంలో మాత్రం హెచ్చరించాలి. ఇంటర్నల్స్ అన్నీ నోటి జవాబులతో, ఎంపికలతో సాగి, చివర్లో మూడు గంటల రాత పరీక్ష ఒక్కసారిగా మీద పడితే పిల్లలు బెదిరిపోతారు. 40కి 36 తెచ్చుకున్నవాళ్ళు రాతలో తప్పడం నేను చూశాను. ఎనిమిదో వారం నుంచి ఎంపికలు తగ్గిస్తూ, కాగితం మీద ప్రోగ్రామ్ రాసే అలవాటు పెంచుతూ రావాలి. మోడల్ ఎగ్జామ్‌కి ముందే కనీసం రెండు పూర్తి రాత పరీక్షలు గడియారం పెట్టి రాయించండి.

మన ఊళ్ళోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. ఐఐటీ మద్రాసు 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ. జేఈఈ లేకుండానే నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పరీక్ష రాసి చేరవచ్చు. మధ్యలో డిప్లొమాతో ఆగిపోవచ్చు, ముందుకూ పోవచ్చు. పాఠాలు ఎప్పుడైనా చూసుకోవచ్చు. పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్ళి కూర్చుని రాయాల్సిందే.

ఇంకొక మాట. ఈ ఆలోచన మనకు కొత్తది కాదమ్మా. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు స్వాతంత్ర్య పోరాటంలో జైళ్ళకు వెళ్ళివచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి, ఆ తరవాత ఇదే మద్రాసులో లా కూడా పూర్తి చేశారు. 1937లో ఇక్కడ ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను అదే మెట్రిక్ పరీక్షకు తయారు చేశారు. సంసారాలు చేసుకుంటున్నవాళ్ళు, వితంతువులు ఉండే క్లాసులు అవి. పరీక్ష అందరికీ ఒకటే, చదువు చెప్పే తీరు వాళ్ళ బతుకులకు తగ్గట్టు. మైలాపూరులో ఇన్నేళ్ళు ఉన్నాను, ఆ సంస్థ పేరు కనపడినప్పుడల్లా నా మనసు నిండుతుంది.

అంబత్తూరు నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:

మేడమ్, నేను పాఠాలు చెప్పేవాణ్ణి కాను. మీ లిస్టులోని గోడౌన్ అబ్బాయి లాంటివాణ్ణి, అందుకే రాస్తున్నాను. తడ నుంచి వచ్చి ఇక్కడ ఒక కాలేజీలో చదివాను, రాత్రిళ్ళు పెట్రోల్ బంకులో పని. ఉదయం మొదటి పీరియడ్‌కి నిద్రతో తూలేవాణ్ణి. ఒక సార్ అందరి ముందూ లేపి, తాగొచ్చావా అన్నారు. ఆ సబ్జెక్టు నేను రెండేళ్ళ దాకా గట్టెక్కలేకపోయాను.

మీరు చెయ్యగలిగినవి చిన్నవే. ల్యాబ్ బ్యాచ్‌లు వేసేటప్పుడు మధ్యాహ్నం బ్యాచ్ ఎవరికి కావాలో చీటీ మీద రాసిమ్మనండి. పాఠం వీడియో పెడితే పది నిమిషాల ముక్కలుగా పెట్టండి, ఆడియో విడిగా కూడా ఇవ్వండి. బస్సులో వింటాం. మా క్లాసులో ల్యాప్‌టాప్ లేనివాళ్ళం చాలామందిమి, అంతా ఫోన్‌లోనే. ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు కనపడని పీపీటీలు వద్దు. అటెండెన్స్ 75 శాతం రూలు మీరు మార్చలేరు, దాని గురించి మాత్రం ఆశ పెట్టకండి. ఎవరికెన్ని గంటలు తగ్గుతున్నాయో రెండు వారాలకోసారి వాళ్ళకే మెసేజ్ పెడితే చాలు. నాకు సెమిస్టర్ చివర్లో చెప్పారు, అప్పటికి చెయ్యడానికేం మిగల్లేదు.

కొత్తగా వచ్చిన లెక్చరర్, శోళింగనల్లూరు:

అన్నా, మీరు రాసింది చదివి కళ్ళు చెమర్చాయి. మొదటి పీరియడ్‌లో ఎవరైనా తూలితే నాకు మీరే గుర్తొస్తారు. సార్‌కి, అక్కకు నమస్కారాలు. ఇంకో రెండు ప్రశ్నలు అడగొచ్చా? చెవి మిషన్ ఉన్న అమ్మాయికి విడిగా ఏం చెయ్యాలి? 15 వారాలకు ప్లాన్ రాయమన్నారు, అన్ని వారాలూ నింపెయ్యాలా?

వేళచ్చేరి అక్క:

రెండో ప్రశ్న ముందు చెప్తాను. అన్నీ నింపకు! నువ్వు కర్నూలు ఎండలు చూశావు గానీ ఇక్కడి వాన చూడలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. 2015 డిసెంబరులో ఊరంతా మునిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మా వేళచ్చేరి, పక్కన పళ్ళిక్కరణై రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, ఆన్‌లైన్ క్లాసు అన్నమాటకే అర్థం లేకుండా పోయింది. కాబట్టి 13 వారాలకే పాఠం వేసి రెండు వారాలు ఖాళీగా ఉంచు. నవంబరు, డిసెంబరు మొదటి వారాల్లో పెద్ద అసైన్‌మెంటు గడువు పెట్టకు. వాన మొదలయ్యే ముందే చివరి రెండు యూనిట్ల నోట్సు జిరాక్స్ తీయించి చేతికిచ్చెయ్యి. కరెంటు పోయినా కాగితం పనిచేస్తుంది.

ఆ అమ్మాయి విషయం. ఆమెకు ఏం కావాలో ఆమెనే అడుగు, అదీ క్లాసులో కాదు, విడిగా. చాలామందికి కావలసింది మనం బోర్డు వైపు తిరిగి మాట్లాడకపోవడం, పెదాలు కనపడేలా నిలబడడం. రాస్తూ మాట్లాడడం మన వృత్తిలో అందరికీ ఉన్న అలవాటు. రాయి, ఆగు, తిరుగు, అప్పుడు చెప్పు. వీడియోలకు క్యాప్షన్లు పెట్టు. వాటివల్ల బీహార్ పిల్లలకు, తమిళ మీడియం పిల్లలకు కూడా సగం కష్టం తీరుతుంది, నేను కళ్ళారా చూశాను. నోటి జవాబు ఆమె మీద రుద్దకు, అందుకే కదా ఎంపిక పెట్టింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ఆమెకు కొన్ని ప్రత్యేక హక్కులున్నాయి. రాయడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆమెకు ఏది వర్తిస్తుందో మీ పరీక్షల విభాగంలో ఇప్పుడే అడిగి, రాతపూర్వకంగా తీసుకో. నవంబరులో అడిగితే ఫారం దొరకదు, సంతకం పెట్టేవాళ్ళు దొరకరు.

ప్లస్ టూలోనే పైథాన్ చదివొచ్చిన పిల్లల్ని మరిచిపోకు. వాళ్ళకు విసుగొస్తే క్లాసు చెడుతుంది. ఐఐటీలవాళ్ళు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పైథాన్ కోర్సులున్నాయి, చూడడానికి ఉచితమే. పరీక్ష రాస్తేనే ఫీజు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని మొత్తం కోర్సుల్లో 40 శాతం దాకా ‘స్వయం’ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో చదువుకోవడానికి కాలేజీలు అనుమతించవచ్చు. మీ కాలేజీ ఏమంటుందో కనుక్కోకుండా పిల్లలకు మాట మాత్రం ఇవ్వకు.

శనివారంకల్లా ఒక కాగితం మీద ఎలా వస్తే అలా రాసెయ్యి. ఆదివారం పొద్దున మా ఇంటికి రా, నీ నంబరు నాకు విడిగా పంపు. మావారు పెసరట్టు వేస్తారు, మనం గడులు నింపుదాం. మైలాపూరు సార్‌నీ పిలుస్తున్నాను. అంబత్తూరు తమ్ముడూ, దూరమని అనుకోకుండా నువ్వూ రావాలి, ల్యాబ్ బ్యాచ్‌ల పేజీ నీ చేతే రాయిస్తాను.